పురుగు అలవాటు పడలేదు

కొన్నేళ్ల కిందటి వరకూ బీటీ పత్తి విత్తనం కొన్న రైతు చేతికి ఒకటి కాదు, రెండు వచ్చేవి. 450 గ్రాముల ప్యాకెట్‌లో బీటీ గింజలు. దానికి జతగా 120 గ్రాముల చిన్న సంచీ. సంచీలోవి మామూలు పత్తి గింజలు. వాటికి పురుగును చంపే గుణం లేదు. చేనంతా బీటీ విత్తి, చుట్టూ కనీసం ఐదు సాళ్లు ఈ మామూలు పత్తి వేయాలన్నది నియమం.

చాలామంది వేయలేదు. ఎందుకు వేస్తారు? ఉన్నది ఎకరమో, రెండెకరాలో. అందులో సగం కౌలు. పురుగు పట్టని విత్తనానికి డబ్బు పోసి, పురుగు పట్టే మొక్కల్ని పనిగట్టుకుని పెంచమంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ సంచీ కొన్నిచోట్ల గట్టు మీదే ఉండిపోయింది. కొన్నిచోట్ల పోగుంటలు పూడ్చడానికి పనికొచ్చింది. అదెందుకిచ్చారో రైతుకు అర్థమయ్యేలా కూర్చోబెట్టి చెప్పినవాళ్లు తక్కువ.

ఆ 120 గ్రాముల సంచీలో ఉన్నది నిజానికి జీవపరిణామ సిద్ధాంతం. డార్విన్ చెప్పింది సగం, మెండెల్ చెప్పింది సగం. దాన్ని విప్పి చూడకపోవడం వల్ల ఏమైందో తెలుసుకోవాలంటే డిసెంబరులో ఏ పత్తిచేలోకైనా వెళ్లి ఒక కాయ కోస్తే చాలు.

కాయ బయటికి నున్నగా, పచ్చగా ఉంటుంది. రంధ్రం కనపడదు. చీల్చి చూస్తే లోపల దూది మరకలు పడి, తొర్రలో ముద్దకట్టి ఉంటుంది. గింజల మధ్య గులాబీ రంగు చారలతో చిన్న పురుగు. దీన్నే గులాబీ రంగు పురుగు అంటారు. గుడ్డులోంచి బయటపడిన కొద్ది గంటల్లోనే అది కాయలోకి దూరిపోతుంది. కాయ పెరుగుతూ ఆ సన్నని రంధ్రాన్ని పూడ్చేస్తుంది. మొగ్గ దశలోనే పడితే రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోతాయి. రైతులు వాటిని గుడ్డి పూలంటారు. పైన ఎంత మందు కొట్టినా లోపలున్న పురుగుకు తగలదు. లోపలే విషం పెట్టాలన్న ఆలోచనతో వచ్చింది బీటీ పత్తి. ఆ విషాన్ని తింటూనే ఈ పురుగు ఇప్పుడు హాయిగా పెరుగుతోంది.

ఏమైందని అడిగితే చేలో ఎవరైనా చెప్పే మాట ఒకటే: "పురుగు మందుకు అలవాటు పడ్డది."

ఈ మాటలో సగం నిజముంది. ఒకప్పుడు చచ్చిన పురుగు ఇప్పుడు చావడం లేదు. కానీ అలవాటు అన్న ముక్క దగ్గర దారి తప్పుతాం. అలవాటు అనేది ఒక ప్రాణికి దాని బతుకులో జరిగేది. కారం తినని పిల్లవాడు నాలుగేళ్లకు ఆవకాయ కలుపుకుంటాడు. నాలుక అదే, మనిషి అతనే. పురుగుకు ఆ అవకాశమే లేదు. బీటీ కాయను కొరికిన పురుగు కొద్ది రోజుల్లో చస్తుంది. చచ్చినది పాఠం నేర్చుకోదు, నేర్చుకున్నా పిల్లలకు చెప్పదు. చేలన్నీ వెతికినా అలవాటు పడిన పురుగు ఒక్కటీ దొరకదు.

మరి మారిందేమిటి?

గుంటూరులో ముందే చూసిన కథ

మందు పనిచేయకపోవడం మనకు కొత్త కాదు. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చినప్పుడు కోస్తా పత్తి రైతులు ఊపిరి పీల్చుకున్నారు. కొద్దిగా కొట్టినా, కాయ తొలిచే మరో పురుగు శనగపచ్చ పురుగు రాలిపోయేది. 1987-88 పంటకాలం వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అదే పురుగు అదే మందులో తడిసి కూడా కాయలు తొలిచింది. మోతాదు పెంచారు. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. కొట్టినకొద్దీ పురుగు ఎక్కువైంది. శాస్త్రవేత్తలు ఆ చేలలోంచి పురుగుల్ని తెచ్చి పరీక్షిస్తే, మామూలు పురుగును చంపే మోతాదు వీటిని కదిలించలేదని తేలింది.

ప్రపంచానికి అది ఇంకా పాత కథ. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆపిల్ తోటల పొలుసు పురుగు గంధకం-సున్నం మందుకు చావడం లేదని గమనించి, పురుగులు మందును తట్టుకునే శక్తి తెచ్చుకోగలవా అని మెలాండర్ అనే కీటక శాస్త్రవేత్త 1914లోనే ఒక వ్యాసం రాశాడు. డీడీటీ వాడకంలోకి రావడానికి పాతికేళ్లకు పైగా ముందు మాట అది.

మందు మారింది, పంట మారింది, ఖండం మారింది. జరిగింది మాత్రం ఒకటే. ప్రతిచోటా అదే జరుగుతోందంటే, కారణం పురుగు తెలివిలోనో మందు కల్తీలోనో కాకుండా ఇంకెక్కడో ఉండాలి. కల్తీ మందులు లేవని కాదు. మందు స్వచ్ఛంగా ఉన్నా జరిగేది ఇదే.

ఏరడం అనే పని

వెనకటి రోజుల్లో జొన్న కోతకు ముందు రైతు చేలో తిరిగి మంచి కంకులు ఏరేవాడు. గింజ నిండుగా ఉన్నవి, కాండం గట్టిగా నిలబడ్డవి ఏరి, కట్టకట్టి దూలానికి వేలాడదీసేవాడు. మరుసటేటికి అవే విత్తనం. ఆ రైతు ఏ కంకినీ మార్చలేదు. ఉన్నవాటిలోంచి కొన్నిటికి మాత్రమే మళ్లీ మొలిచే అవకాశం ఇచ్చాడు. ఏళ్ల తరబడి అలా ఏరగా ఏరగా చేనే మారిపోయింది.

చార్లెస్ డార్విన్ మొదలుపెట్టిందీ ఇక్కడే. 1859లో అచ్చయిన ఆయన పుస్తకం గలాపగోస్ దీవులతో కాదు, పెంపుడు పావురాలతో, పశువులతో, తోటమొక్కలతో మొదలవుతుంది. ఆయన స్వయంగా పావురాలు పెంచాడు, పావురాల పెంపకందారుల సంఘాల్లో చేరాడు. మనిషి ఏరి ఇన్ని రకాలు పుట్టించగలిగితే, ఏరేవాడు లేకుండా కూడా ఏరడం జరగొచ్చు కదా అన్నది ఆయన ప్రశ్న. పుట్టేవి ఎక్కువ, బతికి పిల్లల్ని కనేవి తక్కువ. పుట్టినవన్నీ ఒకేలా ఉండవు. ఉన్న తేడాల్లో కొన్ని పిల్లలకు దిగుతాయి. ఈ మూడూ నిజమైతే, బతకడానికి కాస్త పనికొచ్చిన తేడా తరం తర్వాత తరం పెరుగుతూ పోవాల్సిందే. దీనికే ప్రకృతివరణం అని పేరు. ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ విడిగా ఇదే ఆలోచనకు వచ్చాడు; ఇద్దరి రచనలనూ 1858లో లండన్‌లో ఒకే సమావేశంలో చదివారు.

వరణం అన్న మాట వినగానే వరించేవాడు ఒకడున్నాడనిపిస్తుంది. ఎవరూ లేరు. జల్లెడ కూడా గింజను ఎంచుకోదు. కన్ను ఎంత ఉందో అంతే. పట్టినది కిందికి పోతుంది, పట్టనిది పైన ఉంటుంది. జల్లించినందువల్ల ఏ గింజా పెద్దదైపోదు, కానీ పైన మిగిలిన కుప్ప మాత్రం ముందటి కుప్ప కాదు. పత్తిచేలో మందు ఆ జల్లెడ.

ముందే ఉందా, తర్వాత వచ్చిందా?

ఇక్కడ ఒక అనుమానం న్యాయమైనదే. మందు తగిలాకే పురుగులో ఆ మార్పు పుట్టలేదని ఏమిటి నమ్మకం? పురుగుకు అవసరం వచ్చింది, శరీరం దారి వెతుక్కుంది అనుకోవచ్చు కదా?

ఈ ప్రశ్నకు సూక్ష్మజీవులతో జవాబు దొరికింది. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు లెక్కల ద్వారా ఒక జవాబు చెప్పారు. 1952లో ఎస్తర్, జాషువా లెడర్‌బర్గ్ దంపతులు దాన్ని కంటికి కనపడేలా చేశారు. వారు వాడిన పరికరం మఖమల్ గుడ్డ.

ఒక గాజు పళ్లెంలో బాక్టీరియాను పెంచారు. చుక్కలు చుక్కలుగా గుంపులు లేచాయి. గుండ్రటి దిమ్మె మీద మఖమల్ గుడ్డ బిగించి పళ్లెం మీద మెల్లగా అద్దారు. గుడ్డ నూగుకు ప్రతి గుంపు నుంచీ కాసిన్ని బాక్టీరియా అంటుకున్నాయి. రబ్బరు స్టాంపు వేసినట్టు ఆ గుడ్డను మందు కలిపిన వేరే పళ్లేల మీద వరసగా అద్దారు. అన్ని పళ్లేల్లోనూ దాదాపు అన్నీ చచ్చాయి. కొన్ని బతికాయి. బతికినవి ప్రతి పళ్లెంలోనూ ఒకే చోట ఉన్నాయి.

మందు తగిలాక మార్పు పుడితే ఒక్కో పళ్లెంలో ఒక్కో చోట బతికేవి. ఒకే చోట బతికాయంటే, మందు వాసన కూడా చూడని మొదటి పళ్లెంలోనే ఆ చోట తట్టుకునేవి ఉన్నాయన్నమాట. వెనక్కి వెళ్లి, అసలు పళ్లెంలో ఆ చోటు నుంచి తీసి పెంచితే మందును తట్టుకునే సంతతి వచ్చింది. దాని పూర్వీకులకు మందు ఎప్పుడూ తగల్లేదు.

మందు తేడాను పుట్టించదు, ఉన్న తేడాను బయటపెడుతుంది. తేడా ముందు, జల్లెడ తర్వాత. జీవపరిణామం గురించి ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే ఇదే.

లేఖకుల తప్పులు

ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? డార్విన్‌కు ఇది తెలియదు. 1866లో గ్రెగర్ మెండెల్ బఠాణీల మీద రాసిన వ్యాసం ఆయన దృష్టికి వచ్చిన దాఖలా లేదు. జన్యువు అన్న మాటే ఇరవయ్యో శతాబ్దంలో పుట్టింది.

తాళపత్రాల రోజుల్లో ఒక కావ్యం బతకాలంటే ఎవరో ఒకరు కూర్చుని దానికి ప్రతి రాయాలి. ఎంత శ్రద్ధగా రాసినా ఎక్కడో ఒక అక్షరం మారుతుంది, ఒక పాదం జారిపోతుంది, ఒక పద్యం రెండుసార్లు పడుతుంది. ఆ ప్రతిని చూసి రాసిన మరో ప్రతిలోకి ఆ తప్పూ వెళ్తుంది. కణం విడిపోయే ముందు డీఎన్ఏకూ ఇలాగే ప్రతి తయారవుతుంది. నాలుగే అక్షరాల భాష. తప్పుల్ని దిద్దే ఏర్పాట్లు కణంలోనే ఉన్నాయి, అయినా అరుదుగా ఒకటి జారుతుంది. దాన్నే ఉత్పరివర్తన అంటారు. చాలా తప్పుల వల్ల ఏమీ కాదు. కొన్ని హాని చేస్తాయి. ఏదో ఒకటి, ఏదో ఒక పరిస్థితిలో పనికొస్తుంది. తప్పుకు ఆ పరిస్థితి రాబోతోందని తెలియదు.

తప్పులు ఒక్క అక్షరానికే పరిమితం కావు. ఆస్ట్రేలియాలో శనగపచ్చ పురుగు ఫెన్‌వలరేట్ అనే పైరిత్రాయిడ్ మందును ఎలా తట్టుకుంటోందో వెతికినవాళ్లకు 2012లో ఒక విచిత్రం కనిపించింది. పక్కపక్కనే ఉన్న రెండు జన్యువుల్లో ఒకదాని ముందు సగం, ఇంకొకదాని వెనక సగం అతుక్కుని మూడో జన్యువు తయారైంది. మాతృకలు రెండూ చేయలేని పనిని ఆ అతుకుల జన్యువు చేస్తోంది: మందును పురుగు ఒంట్లోనే విరగ్గొడుతోంది. కొత్త గుణం శూన్యంలోంచి ఊడిపడలేదు, పాత పద్యాలు రెండు కలిసిపోయి మూడో అర్థం వచ్చింది.

విరిగిన కొక్కెం

ఇప్పుడు గులాబీ రంగు పురుగు కడుపులోకి వెళ్దాం. బీటీ అనేది బాసిల్లస్ తురింజియెన్సిస్ అన్న నేల బాక్టీరియా పేరుకు పొట్టి రూపం. 1901లో జపాన్‌లో పట్టుపురుగుల్ని చంపుతున్న జబ్బును పరిశీలిస్తూ ఇషివాతా అనే శాస్త్రవేత్త దీన్ని చూశాడు. 1911లో జర్మనీలోని తురింజియా ప్రాంతపు పిండి పురుగులో బెర్లీనర్ మళ్లీ కనుగొన్నాడు; ఆ పేరు తర్వాత ఆయన పెట్టిందే. ఈ బాక్టీరియా తయారుచేసే ఒక ప్రోటీన్ జన్యువును పత్తి మొక్కలో చేరిస్తే వచ్చింది బీటీ పత్తి. మన దేశంలో 2002లో దానికి అనుమతి వచ్చింది.

ఆ ప్రోటీన్ పురుగు పేగులోకి వెళ్లాక, పేగు గోడ మీదున్న కాడ్‌హెరిన్ అనే మరో ప్రోటీన్‌కు తగులుకుంటుంది. అది కొక్కెం లాంటిది. కొక్కేనికి తగులుకున్న విషం పేగు గోడకు తూట్లు పొడుస్తుంది. పురుగు తినడం మానేసి చస్తుంది. మన పేగుల్లో ఈ విషం పట్టుకునే కొక్కేలు లేవు కాబట్టి మనకేమీ కాదు. విషం ప్రతాపమంతా కొక్కెం మీద ఆధారపడింది.

కొక్కెం విరిగితే? విషం కడుపులోంచి జారిపోతుంది. 2008లో గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లా చేలలో సేకరించిన గులాబీ రంగు పురుగులు విషాన్ని తట్టుకుంటున్నట్టు తేలింది. 2010 నాటికి గుజరాత్‌లోని మరికొన్ని జిల్లాల్లోనూ ఇదే ధ్రువపడింది. ఆ పురుగుల డీఎన్ఏ చదివినవారికి కాడ్‌హెరిన్ జన్యువు చెడిన రూపాలు ఒకటి కాదు, ఎనిమిది దొరికాయి. 2014లో ఈ ఫలితం వెలువడింది. కొన్ని రూపాల్లో వాక్యం మధ్యలోనే పూర్ణవిరామం పడింది. కొన్నిట్లో పెద్ద ముక్కే ఎగిరిపోయింది.

ఎనిమిది అన్న అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పురుగు తెలివిగా దారి కనిపెట్టి ఉంటే ఒకటో రెండో మంచి దారులు కనపడాలి. ఇక్కడ కనపడింది ఎనిమిది రకాల చెడగొట్టడం. గడియారాన్ని చేయడానికి ఒకటే పద్ధతి ఉండొచ్చు, పగలగొట్టడానికి వంద ఉంటాయి. కోట్లకోట్ల పురుగుల్లో ఎక్కడెక్కడో రకరకాలుగా విరిగిన కొక్కేలు ఉన్నాయి. మామూలు పత్తిలో అవి పనికిమాలిన లోపాలు. బీటీ చేలో మాత్రం వాటితోనే ప్రాణం నిలిచింది. జన్యువు మంచిదా చెడ్డదా అన్నది జన్యువును చూసి చెప్పలేం, చేనును కూడా చూడాలి.

సంచీలో లెక్క

ఇక ఆ చిన్న సంచీ విప్పుదాం.

ప్రతి పురుగుకూ కొక్కెం జన్యువు రెండు ప్రతులు: తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది సరిగా ఉంటే పేగు మీద కొక్కేలు ఉంటాయి, పురుగు చస్తుంది. రెండూ చెడితేనే బతుకుతుంది. మెండెల్ బఠాణీల్లో ఆకుపచ్చ రంగు గింజ రావాలంటే రెండు వైపుల నుంచీ ఆ గుణం రావలసినట్టే ఇదీ.

సులువు కోసం ఒక లెక్క అనుకుందాం. ఒక ప్రాంతంలో కోటి పురుగులు ఉన్నాయి. జన్యువు ప్రతుల్లో వెయ్యికి ఒకటి చెడినది. రెండు ప్రతులూ చెడిన పురుగు పది లక్షలకు ఒకటి, అంటే కోటిలో పది. ఒక్క ప్రతి చెడినవి దాదాపు ఇరవై వేలు. కానీ అవి బీటీ తింటే చస్తాయి.

చేలన్నీ బీటీయే అయితే ఆ పదే మిగులుతాయి. వాటికి జత కావాలంటే వాటిలో వాటికే. రెండు వైపులా చెడిన ప్రతులే కాబట్టి పిల్లలన్నీ విషాన్ని తట్టుకుంటాయి. ఒక్కో ఆడ పురుగు వందకు పైగా గుడ్లు పెడుతుంది. ఒక పంటకాలంలో నాలుగైదు తరాలు తిరుగుతాయి. ఆ పది ఎంత త్వరగా కోటి అవుతాయో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఐదో వంతు నేలలో మామూలు పత్తి వేశామనుకుందాం. బీటీలో ఎనిమిది బతుకుతాయి. మామూలు పత్తిలో ఇరవై లక్షలు బతుకుతాయి. ఆ ఎనిమిదీ రెక్కలొచ్చి ఎగిరి జత వెతుక్కుంటే, దొరికేది దాదాపు ఎప్పుడూ ఆ ఇరవై లక్షల్లోదే. పిల్లలకు ఒక చెడిన ప్రతి, ఒక మంచి ప్రతి. బీటీ కాయ కొరికితే చావే. అరుదైన గుణం మళ్లీ జనంలో కలిసిపోతుంది.

పురుగు తినే పత్తిని పనిగట్టుకుని వేయమన్నది ఇందుకు. ఆ ఐదు సాళ్లు పురుగుకు ఆశ్రయమిచ్చే సాళ్లు, విషానికి లొంగే పురుగుల్ని బతికించే సాళ్లు. లొంగే పురుగు మనకు శత్రువు కాదు, లొంగనిదాన్ని తనలో కలిపేసుకునే కాపు అది.

దీనికి ఒక షరతుంది. ఒక ప్రతి చెడిన పురుగు కూడా చచ్చేంత మోతాదు మొక్కలో ఉండాలి. పత్తి ముదిరేకొద్దీ మొక్కలో బీటీ విషం తగ్గుతుంది. నీళ్లున్నాయి కదా అని మరో రెండు తీతల కోసం పంటను ఫిబ్రవరి, మార్చి దాకా లాగితే ఆ పలచబడ్డ విషంలో సగం తట్టుకునేవి కూడా గట్టెక్కుతాయి. పైగా పురుగుకు అదనంగా ఒకటి రెండు తరాలు దొరుకుతాయి.

ఒకే విషం, మూడు దేశాలు

అమెరికాలోని అరిజోనాలో 1996 నుంచి బీటీ పత్తి వేశారు. అక్కడి రైతులు ఆశ్రయ సాళ్లను గట్టిగా పాటించారు. చెడిన కాడ్‌హెరిన్ రూపాలు అక్కడి పురుగుల్లోనూ ఉన్నాయి, అయినా పదేళ్ల పాటు అవి పైకి రాలేదు. 2006 నుంచి సంతానశక్తి లేకుండా చేసిన పురుగుల్ని విమానాల్లోంచి పెద్ద ఎత్తున వదిలారు. బీటీ, ఈ వదలడం కలిసి పనిచేశాక 2018లో అక్కడి పత్తి ప్రాంతాల్లో గులాబీ రంగు పురుగు లేదని ప్రభుత్వం ప్రకటించింది.

చైనా యాంగ్‌ట్సీ నదీ లోయలో ఆశ్రయ సాళ్లు లేవు. 2010 వరకూ తట్టుకునే పురుగులు పెరుగుతూ వచ్చాయి, తర్వాత తగ్గాయి. కారణం ఎవరూ ప్లాన్ చేసినది కాదు. అక్కడి రైతులు చవకగా వస్తుందని బీటీ సంకరం రెండో తరం విత్తనం వేయడం మొదలుపెట్టారు. మెండెల్ చెప్పిన మూడుకు ఒకటి లెక్క ప్రకారం, నాలుగో వంతు మొక్కల్లో బీటీ జన్యువు ఉండదు. చేలోనే ఆశ్రయం ఏర్పడింది.

మన దగ్గర అదే మూడుకు ఒకటి లెక్క ఎదురు తిరిగింది. మనం వేసేవి సంకర విత్తనాల మొదటి తరం. మొక్కలన్నిట్లో బీటీ జన్యువు ఒక ప్రతి ఉంటుంది, కానీ ఆ మొక్క కాయలోని గింజలు రెండో తరం. ఒక్క జన్యువే ఉన్న పత్తిలో ప్రతి నాలుగు గింజల్లో ఒకటి విషం లేనిది. అంటే ఒకే కాయలో విషం ఉన్న గింజ, లేని గింజ పక్కపక్కనే. గింజల మీదే బతికే ఈ పురుగుకు విషం పలచబడి అందుతుంది. సగం తట్టుకునే పురుగు కూడా అలా గట్టెక్కుతుందని, ఇక్కడ పురుగు ఇంత త్వరగా మారడానికి ఇదీ ఒక కారణమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. చైనాలో ఆ నిష్పత్తి మొక్కలుగా విడిపోయి పురుగును ఆపింది. మన దగ్గర కాయలోపల కలిసిపోయి పురుగును పెంచింది.

రెండో రక్షణ కూడా ఇలాగే జారింది. 2006లో రెండు వేర్వేరు విషాలున్న బీటీ పత్తి వచ్చింది. ఒకదాన్ని తట్టుకునేది పది లక్షలకు ఒకటి, రెండోదాన్ని తట్టుకునేది పది లక్షలకు ఒకటి అయితే, రెంటినీ కలిపి తట్టుకునేది లక్ష కోట్లకు ఒకటి. క్షయ రోగికి ఒకేసారి నాలుగు మందులు ఇచ్చేదీ, మధ్యలో ఆపవద్దనేదీ ఈ లెక్క మీదే. కానీ రెండు తాళాలు ఒకేసారి వేసినప్పుడే తలుపుకు ఆ బలం. మొదటి తాళం ఒక్కటే ఉన్న పత్తి పక్క చేలో అప్పటికీ ఉండేది. పురుగు ముందు దాన్ని ఊడగొట్టింది. ఆ తర్వాత రెండోది మిగిలింది. దాన్ని తప్పించే మార్పు ఏబీసీఏ2 అనే మరో జన్యువులో కనిపించింది. 2014-15కి గుజరాత్‌లో రెండు విషాల పత్తి కూడా పురుగును ఆపలేకపోయింది. తర్వాతి రెండు మూడేళ్లలో మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర చేలలోనూ అదే కనిపించింది.

అదే చేలో ఇంకో పురుగు

ఇన్నేళ్లుగా అదే బీటీ పత్తిని తిన్న శనగపచ్చ పురుగు మాత్రం మన దేశంలో ఇంత త్వరగా మారలేదు. పైరిత్రాయిడ్లను ముందుగా గెలిచింది అదే కదా, దీని దగ్గర ఎందుకు వెనకబడింది?

తిండి దగ్గర తేడా ఉంది. శనగపచ్చ పురుగు కంది తింటుంది, శనగ తింటుంది, మిరప, టమాటా, మొక్కజొన్న దేన్నీ వదలదు. బీటీ లేని ఆ పంటలన్నీ దానికి ఆశ్రయమే. ఎవరూ వేయమనకుండానే వేసిన ఐదు సాళ్లు అవి. గులాబీ రంగు పురుగు దాదాపు పత్తినే నమ్ముకుంది. దేశంలో పత్తి నేలలో 90 శాతానికి పైగా బీటీయే అయ్యాక దానికి ఆశ్రయం లేదు. ఒక ఊళ్లో కంది, శనగ సాళ్లు ఉంటే అవి కేవలం పప్పు కోసమే కాదు, పక్క చేలోని పురుగు జాతకాన్ని కూడా రాస్తున్నాయి.

పరిణామం అంటే ఎముకల శిలాజాలు, లక్షల ఏళ్లు అనుకుంటాం. ఇక్కడ అది 2002లో మొదలై దశాబ్దం తిరక్కుండానే కంటికి కనిపించింది. సూత్రం మాత్రం అదే. రెండు చోట్ల విడిపోయిన ఒకే ప్రాణి మీద రెండు రకాల జల్లెడలు లక్షల తరాలు ఆడితే, చివరికి ఆ రెండూ కలిసినా పిల్లలు పుట్టనంత దూరమవుతాయి. కొత్త జాతి అవుతుంది. ఎటు తీసుకెళ్లాలో జల్లెడకు తెలియదు. విరిగిన కొక్కెంతో బతికిన పురుగు అన్ని విధాలా మెరుగైనదేం కాదు. అరిజోనాలో పరీక్షించిన అలాంటి పురుగుల్లో చలికాలపు నిద్ర దాటి లేచినవి తక్కువ. విషం లేని చోట అది కుంటిదే. విషం ఉన్న చోట పరుగెత్తేది అదొక్కటే.

ఇందులో మనం ఆపలేనిది ఒకటుంది. ప్రతి రాసేటప్పుడు తప్పు పడకుండా ఎవరూ చూడలేరు. చెడిన కొక్కేలు పుడుతూనే ఉంటాయి. మన చేతిలో ఉన్నది జల్లెడ. ఏం విత్తామో, ఎన్ని రోజులు పొలంలో ఉంచామో, పంట అయ్యాక కట్టెను ఎప్పుడు తీసేశామో, జిన్నింగు మిల్లులో గింజ కుప్ప ఎన్నాళ్లు పడి ఉందో, అవన్నీ కలిసి జల్లెడ కన్ను ఎంతుండాలో నిర్ణయిస్తాయి. పంటను డిసెంబరు, జనవరికే ముగించమనడం, లింగాకర్షక బుట్టలు కట్టమనడం, గుడ్డి పూలు ఏరి కాల్చమనడం వెనక ఉన్నది ఇదే. పురుగును పూర్తిగా చంపే మందేదీ వీటిలో లేదు. తట్టుకునేదానికి జత దొరకకుండా, తరాలు పెరగకుండా చేసే పనులివి.

ఇప్పుడు ఆ చిన్న సంచీ విడిగా రావడం తగ్గింది. మామూలు గింజల్ని బీటీ గింజల్లోనే కలిపి ఒకే ప్యాకెట్లో ఇచ్చే పద్ధతి వచ్చింది. రైతు వేసినా వేయకపోయినా కొన్ని మామూలు మొక్కలు చేలో మొలుస్తాయి. ఒకందుకు మంచిదే. కానీ ఎందుకు కలిపారో చెప్పే మాట మాత్రం అందరు రైతులకూ చేరలేదు. చేలో అక్కడక్కడ పురుగు పట్టిన మొక్క కనపడితే, విత్తనం కల్తీ అని అంగడి మీదికి పోయేముందు ఒకసారి ఆగాలి. అది కల్తీ కాకపోవచ్చు. పక్క మొక్కలో పుట్టబోయే మొండి పురుగుకు జత కావడానికి, లొంగే పురుగును పెంచుతున్న మొక్క కావచ్చు.